బాలింత జాడింపు

సునీతకు కన్నవాళ్ళు పెట్టిన పేరు సునీతే. జల్‌పల్లిలో ఆ పేరుతో పిలిచినవాళ్ళు మాత్రం తక్కువ. "ఎందుకమ్మ వస్తున్నది, పనుంటే చూస్కోండ్రి" అని ఆడవాళ్ళు నవ్వుకుంటూ లోపలికి జారుకునేవాళ్ళు. ఆడమేకకు గడ్డం ఎందుకు, చలికాలం పొద్దున బావినీళ్ళు వెచ్చగా ఎందుకుంటాయి, కల్లు నురగ ఎందుకు కడుతుంది, ఏది కనబడితే దాని మీద ఒక ప్రశ్న. బడిలో పంతులుగారు ఆమెను తీసుకెళ్ళి చివరి వరుసలో కూర్చోబెట్టారు. అక్కడి నుంచి లేచి అడిగేలోపు గంట కొడతారని ఆయన ఆశ. ఏడో తరగతితో బడి ఆగింది గానీ అడగడం ఆగలేదు.

అలాంటి పిల్లను తెచ్చి మామిడిపల్లిలో శివమ్మకు కోడలిని చేశారు. ఎవరు కుదిర్చారో గానీ వాళ్ళకు వేళాకోళం బాగానే తెలుసు. శివమ్మది తరాలుగా చాకలి పని చేసిన ఇల్లు. ఏ బట్ట ముందు నానాలి, ఏది ఆవిరి మీద ఉడకాలి, ఏది నీడలో ఆరాలి, ఆమె చేతులకు తెలుసు. ఎందుకని అడిగితే మాత్రం ఆమె దగ్గర ఒక్కటే జవాబు. "గంతే."

"పసుపు మరక ఎండల ఎందుకు ఎయ్యాలె అత్తమ్మా?"

"ఎయ్యాలె. గంతే."

"నీలిమందు ఆఖరికే ఎందుకు?"

"ఆఖరికే. గంతే. నీళ్ళు తోడు."

ఆమెది కోపం కాదు. వాళ్ళ అత్త ఆమెకు అలాగే నేర్పింది, ఆ అత్తకు ఆమె అత్త. చేతినుంచి చేతికి పని వచ్చింది, దాని వెనుక మాట మధ్యలో ఎక్కడో జారిపోయింది. కొన్నాళ్ళు అడిగి అడిగి సునీతకే విసుగొచ్చింది. ఇంట్లో అడగడం మానేసింది. మానేశాక ఇంట్లో గొడవలు తగ్గాయని భర్త లక్ష్మణ్ సంతోషపడ్డాడు గానీ, ఆమెకు లోపల ఏదో వెలితిగానే ఉండేది.

విమానాశ్రయం వచ్చాక చుట్టూ హోటళ్ళు లేచాయి. హోటళ్ళన్నాక దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు రోజూ కుప్పలు కుప్పలు. వాటిని ఉతకడానికి శంషాబాద్ నుంచి మామిడిపల్లి వచ్చే దారిలో హరిప్రసాద్ అనే ఆయన ఒక లాండ్రీ పెట్టాడు. దానికో పెద్ద ఇంగ్లీషు పేరుంది. ఊళ్ళో అందరూ బట్టల కంపెనీ అంటారు. మిషన్లు దిగాయి గానీ బట్ట సంగతి తెలిసిన మనిషి కావలసి వచ్చి, ఆయన మొట్టమొదట పనిలో పెట్టుకున్నది శివమ్మను. కంపెనీకి బోరు వేసిన రోజు కొబ్బరికాయ కొట్టింది కూడా ఆమే. మోకాళ్ళు అరిగి మంచం దిగడమే కష్టమైనప్పుడు ఆమె మానేసింది. ఆ చోట్లో సునీత చేరింది.

చేరిన కొత్తలో తడిబట్టలు మోసేది. తర్వాత మరకలు ఏరే బల్ల దగ్గరికి, ఆ తర్వాత మిషను దగ్గరికి వచ్చింది. మిషను ఆమెకు తెగ నచ్చింది. దాని గాజు తలుపు వెనుక బట్టలు తిరుగుతుంటే, లోపల ఏమవుతోందో, ఎందుకవుతోందో చూస్తూ నిలబడొచ్చు. చూస్తున్నందుకే జీతమిచ్చే చోటు భూమ్మీద ఉంటుందని ఆమె అనుకోలేదు.

అదిప్పుడు పోయేలా ఉంది.

శివమ్మ మానేసిన మరుసటి ఎండాకాలమే కంపెనీ బోరు ఎండిపోయింది. ఇంకా లోతుకు వేశారు, దుమ్ము వచ్చింది. అప్పటినుంచి ట్యాంకర్లే. ఆ నీళ్ళను ఉప్పు తీసే ట్యాంకులోంచి పంపి మిషన్లకు ఇస్తారు. ఈ ఏడు చలి తగ్గకముందే ట్యాంకర్లవాళ్ళు ఒకపూట వచ్చి ఒకపూట రావడం మానేశారు. హరిప్రసాద్ అందరినీ పిలిచి, దాచకుండా చెప్పేశాడు. ఈ ఎండాకాలం గడిచేలోపు నీళ్ళ వాడకం బాగా తగ్గాలి. లేదంటే కంపెనీని షాద్‌నగర్ అవతలికి మారుస్తాడు. రాగలిగినవాళ్ళు బస్సులో రావచ్చు.

సునీతకు అది కుదరదు. లక్ష్మణ్ ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు, ఎప్పుడు ఇంటికొస్తాడో అతనికే తెలియదు. మోకాళ్ళు పట్టేసిన రోజు శివమ్మకు మంచినీళ్ళు అందించడానికి కూడా మనిషి కావాలి. ఇప్పుడైతే మధ్యాహ్నం సునీత ఓసారి ఇంటికి పరుగెత్తి వస్తుంది. షాద్‌నగర్ నుంచి ఎలా పరుగెత్తుతుంది? కంపెనీ కదిలితే ఆమె పని పోయినట్టే. ఆ గాజు తలుపు ముందు వేరే ఎవరో నిలబడతారు.

నీళ్ళు తగ్గించే పని మీద అనుపమ అనే అమ్మాయిని తెచ్చారు. విజయవాడ వైపు మనిషి, అందరినీ మీరు అంటుంది. వచ్చీ రాగానే కారే గొట్టాలు మార్పించింది. చివరి జాడింపు నీళ్ళను పారబోయకుండా పట్టి, తర్వాతి మురికి బట్టల మొదటి ఉతుక్కు వాడించింది. కొంత తగ్గింది, సరిపోలేదు. మిషన్ల దగ్గర ఇక తీయడానికేమీ మిగల్లేదు. అప్పుడామె మనుషుల వైపు తిరిగింది.

ఒకరోజు టీ సమయంలో అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. "కంపెనీ ఆస్తి అంటే మిషన్లు, ట్యాంకులే అనుకుంటాం. మీ చేతుల్లో ఉన్న పనితనం, మీకు తెలిసిన సంగతులు, హోటళ్ళ వాళ్ళకు మీ మీద ఉన్న నమ్మకం, ఇవి కూడా ఆస్తే. దీన్ని మేధో పెట్టుబడి అంటారు."

మిషన్లు నడిపే మల్లేశ్వర్ గ్లాసు పక్కన పెట్టాడు. "మేడం, పెట్టుబడంటే మా జీతంల కోస్తరా?"

అందరూ నవ్వారు, అనుపమ కూడా నవ్వింది. "కోయరు. వేరేది అడుగుతాను. మీకు తెలిసినది చెప్పమంటే అందరూ చెబుతారు. మీరు రోజూ చేస్తూ, ఎందుకు చేస్తున్నారో మీకే తెలియని పని ఒక్కటి చెప్పండి."

ఇలాంటి ప్రశ్న ఒకటి లోకంలో ఉందని, దాన్ని జీతమిచ్చేవాళ్ళే అడుగుతారని సునీత కలలో కూడా అనుకోలేదు. వీపు నిటారుగా పెట్టి కూర్చుంది.

ముందుగా మల్లేశ్వర్ తల గోక్కుంటూ, మిషను తలుపు వేశాక దాన్ని రెండుసార్లు అరచేత్తో కొడతానని ఒప్పుకున్నాడు. ఎందుకంటే ఏమో. బాయిలరు చూసే చెన్నయ్యకు తెలిసింది. ముందున్న తలుపు గొళ్ళెం వదులుగా ఉండేది, కొడితేగానీ పడేది కాదు. కాటేదాన్‌లో కొత్త తలుపు చేయించి తెచ్చి ఏళ్ళయింది. గొళ్ళెం పోయింది గానీ దెబ్బలు పోలేదు. తువ్వాళ్ళు మడిచే ఆడవాళ్ళు వాటిని సన్నగా మూడు మడతలేస్తారు. ఏదో హోటల్లో అర ఇరుకుగా ఉండేదట. ఆ హోటల్ ఎప్పుడో మూతపడింది. ఒక్కొక్కటి బయటపడుతుంటే పకపకలు మొదలయ్యాయి. మనుషులు తమకు తెలియనిదాన్ని ఇంత సంబరంగా చెప్పుకోవడం చూసి తీరాలి.

సునీత లేచి నిలబడింది. "మూడు జాడింపులు ఎందుకు మేడం?"

నవ్వులు ఆగిపోయాయి. సబ్బు ఉతుకు అయ్యాక ప్రతి దుప్పటికీ మంచినీళ్ళతో మూడు జాడింపులు. అది అన్నం తిన్నంత సహజంగా జరిగే పని. దాన్ని ప్రశ్నగా చూసినవాళ్ళు లేరు.

గుమ్మంలో నిలబడి వింటున్న హరిప్రసాద్ అక్కడినుంచే అన్నాడు. "దాని జోలికి మాత్రం పోవద్దు." కంపెనీ పెట్టిన కొత్తలో ఒక హోటల్లో దిగినాయనకు దుప్పటి కప్పుకుని ఒళ్ళంతా దద్దుర్లు లేచాయట. సబ్బు సరిగా పోలేదని హోటల్‌వాళ్ళు బట్టల కట్టలు తిప్పి పంపారు. కంపెనీ ఆ దెబ్బకే మూతపడాల్సింది. "ఆ తర్వాత మూడు జాడింపులు పెట్టినం. ఇప్పటిదాంక ఒక్క మాట రాలే. అది మన ఇజ్జత్."

"ఎవరు పెట్టిన్రు సార్?" అంది సునీత.

విమానం ఒకటి నెత్తిమీదుగా పోయింది. ఆ చప్పుడు తగ్గేవరకు ఆ చుట్టుపక్కల ఎవరూ మాట్లాడరు. తగ్గేసరికి హరిప్రసాద్ ఫోన్ మోగి ఆయన వెళ్ళిపోయాడు.

వదిలితే ఆమె ఎందుకమ్మ ఎలా అవుతుంది? మల్లేశ్వర్‌ను అడిగింది. మిషను అలాగే వచ్చిందన్నాడు. అనుపమ మిషను కంపెనీవాళ్ళకు ఫోను చేసింది. తాము పెట్టి పంపింది రెండు జాడింపులేనని వాళ్ళన్నారు. మరి మూడోది ఎక్కడిది? సునీత బాయిలరు దగ్గరికి పోయి చెన్నయ్య పక్కన కూర్చుంది. మొదటి రోజునుంచీ ఉన్నవాళ్ళలో మిగిలింది ఆయనే.

"చెన్నయ్య బాపూ, మూడో జాడింపు ఎవరు పెట్టిన్రు?"

ఆయన ఆమెను విచిత్రంగా చూశాడు. "నన్ను అడుగుతవేందే? మీ ఇంట్లనే ఉన్నది గదా. మీ అత్తనే పెట్టిచ్చింది."

సునీతకు నవ్వొచ్చింది. తాను ఊరంతా వెతుకుతున్న జవాబు తన ఇంటి మంచంమీదే కూర్చుని ఉంది. ఆ మంచం దగ్గర ఎందుకని అడగడం తాను ఎప్పుడో మానేసింది.

సాయంత్రం ఇంటికి పోయేసరికి శివమ్మ చేటలో చిక్కుడుకాయలు పెట్టుకుని ఈనెలు తీస్తోంది. సునీత ఎదురుగా కూర్చుని తనూ ఒక గుప్పెడు అందుకుంది.

"అత్తమ్మా, కంపెనీల మూడో జాడింపు నువ్వే పెట్టిచ్చినవంట."

"ఔ. పెట్టిచ్చిన."

"గట్ల ఎందుకు?"

శివమ్మ కాయ విరిచింది. "అది బాలింత జాడింపు. గంతే."

"బాలింత జాడింపంటే?"

"బాలింత బట్టలు, పసిపిల్ల బట్టలు అందరి బట్టలెక్క రెండుసార్లు జాడిచ్చి ఎండెయ్యం. మూడోసారి జాడియ్యాలె. మా అత్త చేసింది, నేను చేసిన. హోటల్ల ఎవరికో ఒళ్ళు దద్దుర్లు లేసినయంటే, సేటు తల పట్టుకొని కూసున్నడు. పసిపిల్ల ఒళ్ళయినా పెద్దోళ్ళ ఒళ్ళయినా ఒళ్ళే గదా సేటూ, మూడోది పెట్టుండ్రి అని చెప్పిన. మళ్ళ ఎవరన్న గోక్కున్నరా?"

హోటల్‌లో ఏ దేశంనుంచో దిగి నిద్రపోయే కోటు బూటు మనిషికి, తనకు తెలియకుండానే మామిడిపల్లి బాలింత మర్యాద జరుగుతోంది. సునీతకు ఆ ఊహే ముచ్చటగా అనిపించింది. కానీ ముచ్చటతో ట్యాంకర్లు రావు.

"ఇప్పుడు గా జాడింపు తీసేద్దమని చూస్తున్నరు."

శివమ్మ చేతులు ఆగాయి. "ఎవరు?"

"నీళ్ళు చాలుతలేవని..."

"నీళ్ళకేం రోగం? నా బోరు ఉన్నది గదా."

సునీత నోరు మూసుకుంది. బోరు ఎండిన సంగతి శివమ్మకు ఎవరూ చెప్పలేదు. కొబ్బరికాయ కొట్టిన చేయి కదా, మనసు కష్టపెట్టుకుంటుందని, "అమ్మకు చెప్పకు" అని లక్ష్మణ్ అప్పట్లో అన్నాడు. కంపెనీ ఎట్లున్నదని శివమ్మ అడిగినప్పుడల్లా మంచిగనే ఉన్నదని సునీత చెబుతూ వచ్చింది. ఊరందరినీ నిలదీసే మనిషి, ఇంట్లో మాత్రం మాట దాచింది. నీళ్ళు తక్కువైతే కంపెనీ షాద్‌నగర్ పోతుందన్నదీ, తన పని పోతుందన్నదీ ఇప్పుడు చెప్పింది. బోరు మాట మాత్రం ఈసారీ నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది.

"నీ పని పోతదంటే నాకు బాధ లేక కాదు బిడ్డా" అంది శివమ్మ, చేట పక్కకు జరిపి. "గానీ జాడింపు తీసేసి, రేపు ఎవరికన్న దురద లేస్తే నా పేరే తీస్తరు. గన్నేండ్లు చేసి మాట పడాల్నా నేను? నా జాడింపు మీద చెయ్యి వెయ్యకుండ్రి."

ఆ తర్వాత ఆమె ఆ విషయం ఎత్తనివ్వలేదు.

సునీత మిషను ముందు నిలబడి అదే ఆలోచించేది. అత్తమ్మ మాటలోనూ న్యాయముంది. మూడోది పెట్టాక గోక్కున్నవాళ్ళు లేరు. అయితే మూడోది లేకపోతే గోక్కుంటారని ఎవరికి తెలుసు? మధ్యాహ్నం అనుపమ పరీక్షకు నీళ్ళు పడుతుంటే చూసింది. మిషను కిందినుంచి వచ్చే చివరి నీళ్ళలో రంగు కాగితం ముంచి, సబ్బు సోడా మిగిలిందా అని చూస్తారు. ఎప్పుడూ మిగలదు. పాస్ అని రాస్తారు.

"మేడం, గివి మూడోదాని నీళ్ళు గదా?"

"అవును."

"రెండోదాని నీళ్ళు ఎప్పుడన్న చూసిన్రా?"

అనుపమ చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. "లేదు" అంది మెల్లగా. "చివరి నీళ్ళే చూడాలని నాకు నేర్పారు. ఎందుకు చూడలేదు నేను?" తర్వాత తనలో తనే నవ్వింది. "మొన్న మీ అందరినీ అడిగాను గానీ, నా జవాబు చెప్పడం మర్చిపోయాను. ఇదే అది."

రెండో జాడింపు నీళ్ళు పట్టారు. కాగితం రంగు మారలేదు. మరో మిషను, మరో దఫా బట్టలు, అదే ఫలితం. సబ్బు రెండో జాడింపుకే పోతోంది. మూడోది శుభ్రమైన నీళ్ళలో శుభ్రమైన బట్టలను ఊరికే ముంచి తీస్తోంది. మరి అప్పట్లో ఆ దద్దుర్లు ఎందుకు వచ్చాయి? అది కాగితం చెప్పలేదు.

ఇద్దరూ హరిప్రసాద్ దగ్గరికి పోయారు. ఆయన కాగితాలను తిరగేసి మరగేసి చూశాడు. "నాకు అర్థమైంది. అయినా ధైర్యం చాలుతలేదు" అన్నాడు. "అప్పుడు నన్ను కాపాడింది శివమ్మ మాట. ఏ ధైర్యంతో పెట్టిచ్చిందో ఆమెకే ఎరుక. ఆమె తియ్యమంటే తీస్త. లేకుంటే షాద్‌నగర్ పోతం."

ఇక అంతా శివమ్మ మీదికి వచ్చింది. ఆ సాయంత్రం సునీత ఆమె మోకాళ్ళకు నూనె రాస్తూ కూర్చుంది. ఎందుకని అడిగితే గంతే అంటుంది, తెలిసిన దారే. వేరే దారి వెతికింది.

"అత్తమ్మా, బట్టల సబ్బు పోయిందో లేదో నువ్వు ఎట్ల చూస్తుంటివి?"

శివమ్మ కళ్ళు తెరిచింది. ఎట్ల అన్న మాట ఆమెకు ఇష్టం. "నాలుకతోని. కొంగు పిండి ఒక్క చుక్క నాలుక మీద ఏసుకుంటే తెలుస్తది. సబ్బు ఉంటే చురుక్కుమంటది. మంచిగ పోతే నీళ్ళ రుచే ఉంటది."

"నాకు నేర్పుతవా?"

"గిదేం పెద్ద పని?"

"కంపెనీల నేర్పు. మిషను కాడ."

శివమ్మ ఆమె ముఖంలోకి చూసింది. తనను ఎక్కడికి తీసుకుపోతోందో ఆమెకు అర్థమైంది. అయినా పని నేర్పమని కోడలు అడిగి ఎన్నేళ్ళయిందో. "కారు దెమ్మను వాన్ని" అంది.

లక్ష్మణ్ తన క్యాబ్‌లో తీసుకొచ్చి దించాడు. కంపెనీలో పాతవాళ్ళు చుట్టూ మూగారు. మల్లేశ్వర్ కుర్చీ తెచ్చాడు. ఆమె కూర్చోలేదు, సునీత భుజం పట్టుకుని మిషను దాకా నడిచింది. రెండో జాడింపు అయ్యాక మిషను ఆపి, ఒక దిండు గలీబు తీసి ఆమె చేతికిచ్చారు. ఆమె మూల పిండి, ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. అనుపమ ముఖం చిట్లించింది గానీ ఆపలేదు.

శివమ్మ తుపుక్కున ఉమ్మి, ఇంకో మూల పిండింది. మళ్ళీ చూసింది. ఆమె ముఖంలో ఏదో తికమక.

"సబ్బు లేదు" అంది. "ఉప్పు కూడ లేదు. గివి నా బోరు నీళ్ళు కావు."

ఆమె గలీబును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"నా బోరు నీళ్ళు ఉప్పగుంటయి. గా నీళ్ళల్ల సబ్బు నురగ రాదు, ఎంతేసినా చాలదు. ఎక్కువేస్తే ఎక్కువ పట్టుకుంటది. అందుకే మూడోది పెట్టిన. గివి ఏడికెల్లి వచ్చినయి?"

సునీత ఆమె చేయి పట్టుకుంది. "ట్యాంకర్ నీళ్ళు అత్తమ్మా. ఉప్పు తీసి ఇస్తున్నరు. సబ్బు కూడ సగమే ఏస్తున్నం. బోరు ఎండిపోయింది. నువ్వు మానేసిన మళ్ళేడే."

ఇదీ సంగతి. నీళ్ళు మారాయి, నీళ్ళను చూసి సబ్బు తగ్గించారు, జాడింపు మాత్రం అలాగే ఉండిపోయింది. దాని వెనుక ఉన్న కారణం మోకాళ్ళ నొప్పులతో ఇంటికి పోయింది. నీళ్ళు మారిన కబురేమో ఆమెకు అందలేదు. బోరు ఎండిన రోజే సునీత ఇంట్లో ఆ ఒక్క మాట చెప్పి ఉంటే, శివమ్మ ఆ రోజే తీసేయమనేది. సునీతకు సిగ్గుతో తల వంగిపోయింది.

కంపెనీ వెనుక బోరు ఉన్నచోటికి తనను నడిపించమంది శివమ్మ. గొట్టం మూతి మీద ఒక రాయి పెట్టి ఉంది. ఆమె ఆ గొట్టం మీద చేయి వేసి కాసేపు నిలబడింది.

"నా మూడో జాడింపే తాగిందా దీన్ని?"

"అందరి బోర్లు ఎండినయి శివమ్మా" అన్నాడు చెన్నయ్య.

"అందరి సంగతి నేను అడుగలె."

అనుపమ దాచకుండా చెప్పింది. "కొంత తాగే ఉంటుందమ్మా. కానీ అది లేకపోతే ఆ రోజే కంపెనీ ఉండేది కాదు. అప్పుడు అది సరైనదే. ఎప్పటిదాకా సరైనదో మేమెవరమూ కనుక్కోలేదు."

శివమ్మ కళ్ళు కొంగుతో తుడుచుకుంది. హరిప్రసాద్ వైపు తిరిగి, "తీసెయ్యుండ్రి సేటూ" అంది. "నా మాట మీదనే తీసెయ్యుండ్రి. ఎవరన్న గోక్కుంటే నా దగ్గరికి రమ్మనుండ్రి." రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది. "గానీ ఎందుకు పెట్టినమో, ఎందుకు తీసినమో మిషను కాడ గోడ మీద రాయుండ్రి. లేకుంటే రేపు ట్యాంకర్లు బందయి మళ్ళ ఉప్పునీళ్ళొస్తే, రెండే జాడింపులు నడిపిస్తరు. అడిగితే గంతే అంటరు."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకు తెలిసినట్టు లేదు. సునీతకు తెలిసింది. అక్కడే నిలబడి ఏడ్చేసింది.

గోడ మీద రంగుతో రాయించారు. ఎన్ని జాడింపులు, ఏ నీళ్ళకు, ఎంత సబ్బుకు, ఏది మారితే మళ్ళీ చూసుకోవాలి, అంతా ఉంది. పరీక్ష కాగితంతోనే చూడాలని అనుపమ రాయించింది. కాగితాలు లేని రోజు నాలుకతో అని శివమ్మ పట్టుబట్టి చేర్పించింది. తలుపు దెబ్బల సంగతీ, మూడు మడతల సంగతీ కూడా కింద ఎక్కాయి. మల్లేశ్వర్ ఇప్పటికీ ఒక్క దెబ్బ కొడతాడు, చేయి ఊరుకోదట.

ఎండాకాలం అంతా హోటళ్ళనుంచి వచ్చే ఫోను మోగితే హరిప్రసాద్ గుండె పట్టుకునేవాడు. దురద మాట రాలేదు. మిషన్లు తాగే నీళ్ళు బాగా తగ్గి, ట్యాంకర్లు వచ్చినపూట నీళ్ళు రాని పూటకు కూడా సరిపోయాయి. వానలు మొదలయ్యేనాటికి షాద్‌నగర్ మాట ఎత్తేవాళ్ళే లేరు. అనుపమ తన నివేదికలో మేధో పెట్టుబడి గురించి ఏమేమో రాసి పై వాళ్ళకు పంపింది. అందులో బాలింత జాడింపు అన్న మాటను ఇంగ్లీషులో ఎలా రాయాలో తోచక అలాగే ఉంచేసిందని విన్నాం.

ఒక ఆదివారం శివమ్మ పీట వేసుకుని పెరట్లో కూర్చుని, పక్కింటి సుమలత పసిబిడ్డ గుడ్డలు ఉతుకుతోంది. ఎవరూ అడగలేదు, తనే తెప్పించుకుంది. వానలకు మళ్ళీ ఊరిన ఇంటి బోరు నీళ్ళు ఉప్పనివే. ఒకసారి జాడించింది, రెండోసారి జాడించింది. సునీత బకెట్ తీసి పక్కన పెట్టబోయింది. శివమ్మ మరో చెంబు నీళ్ళు పోసి మూడోసారి ముంచింది.

సునీత చూసి ఊరుకుంది. ఉప్పునీళ్ళు, పసిగుడ్డలు, కారణం తనకు తెలిసిందే కదా.

శివమ్మ గుడ్డ పిండుతూ తలెత్తింది. కోడలు ఏదైనా అంటుందేమోనని కాసేపు చూసింది.

"ఏందే, ఎందుకని అడుగవా?"

సునీత బకెట్ కింద పెట్టి ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. "ఎందుకత్తమ్మా?"

"చెప్త" అంది శివమ్మ, గుడ్డ దులిపి ఆమె చేతికిస్తూ. "ముందుగాల గిది తీగ మీద ఎయ్యి, వచ్చి కూసో."